అరిగిన రంపం, వెదురు కలం, తాతగారి ఇత్తడి గుండు

చేతి పనిముట్లపై పాఠకుల ప్రశ్నలకు ఈ నెల సమాధానాలు

మీ చేతికి బాగా అలవాటైన పనిముట్టు ఏది, మీ ఇంట్లో ఎవరికీ పేరు తెలియని పనిముట్టు ఏదైనా ఉందా అని గత సంచికలో అడిగాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కరెంటు డ్రిల్లుల గురించి, గ్రైండర్ల గురించి వచ్చినవాటిని వచ్చే నెలకు అట్టేపెట్టి, ఈసారి చేత్తో నడిచేవాటికే చోటిస్తున్నాను. ఉత్తరాలన్నీ ఒక్కసారిగా చదివితే ఒక సంగతి తెలిసింది. ఇష్టమైన పనిముట్టు అంటూ రాసినవారిలో ఇంచుమించు ఎవరూ అంగట్లో కొన్న వస్తువును కొన్నట్టే వాడడం లేదు. ఒకరు పిడి మార్చారు, ఒకరు మొన అరగదీశారు, మరొకరు వేరే పనికి పుట్టిన ఇనుమును తమ పనికి లొంగదీసుకున్నారు. నా సమాధానాలు కూడా ఎక్కువగా ఆ దారిలోనే నడిచాయి.

ప్రశ్న: మాది మాధవమాల. తాతల నాటి నుంచి కొయ్యబొమ్మలు చెక్కే ఇల్లు. రశీదు, అనుమతి ఉన్న ఎర్రచందనం ముక్కలపై జానెడు, మూరెడు ఎత్తు దేవతామూర్తులు చేస్తుంటాను. టేకు మీద చక్కగా నడిచే సన్న ఉలి ఎర్రచందనం మీదికి వచ్చేసరికి అంచు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతోంది. చివర్లో ఉప్పుకాగితంతో రుద్దితే వేళ్ల సందులు, కనురెప్పలు మొద్దుబారుతున్నాయి. ఉలి మార్చాలా, కాగితం మార్చాలా?

జవాబు: ఉలి మార్చనక్కర లేదు, దాని వాలు మార్చండి. ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైనది, టేకు తేలుతుంది. అంత బిగువైన చెక్కలోకి 25 డిగ్రీల వాలున్న పలుచని అంచును కొడితే, ఆ దెబ్బను మోయడానికి అంచు వెనుక తగినంత ఉక్కు ఉండదు. అలాగని వాలు మొత్తాన్ని మళ్లీ అరగదీయవలసిన పనీ లేదు. నూనెరాయి మీద ఉలిని ఎప్పటిలాగే ఆనించి, పిడిని కొద్దిగా పైకెత్తి పది పన్నెండుసార్లు లాగితే, అంచు చివర వెంట్రుక మందాన 32, 33 డిగ్రీల రెండో వాలు తయారవుతుంది. కొట్టేటప్పుడు కాస్త ఎక్కువ బలం పట్టవచ్చు, కానీ అంచు నిలుస్తుంది. కొందరు ఇలాంటి సమయంలో ఉక్కునే అనుమానిస్తారు. సానచక్రం మీద కాలి నీలం తిరిగిన ఉలి అంచు మెత్తబడి మడత పడుతుందే తప్ప రాలదు. మీ ఉలి రాలుతోందంటే అది గట్టిగానే ఉందన్న మాట. అందువల్ల దాన్ని పారేయకండి.

రెండో ఇబ్బందికి మాత్రం కొత్త పనిముట్టు కావాలి. దాన్ని మీరే చేసుకోవాలి, ఖర్చు దాదాపు లేదు. ఉప్పుకాగితం ఎత్తును, పల్లాన్ని ఒకే తీరున అరగదీస్తుంది, పైగా ఆ ఎర్రటి పొడిని చెక్క రంధ్రాలలోకి కూరుతుంది. వీణలు చేసేవారు పగిలిన గాజుముక్క అంచుతో గీకి నునుపు తేవడం మీరు చూసే ఉంటారు. గాజు చేసే పనినే సన్నని ఉక్కు రేకు మరింత నమ్మకంగా, వేళ్లు తెగకుండా చేస్తుంది. మా షెడ్డులో దాన్ని గీకుడు రేకు అంటాం.

పళ్లు అరిగి మూలపడిన చేతిరంపం ఒకటి వెతకండి. దాని రేకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా మందం ఉంటుంది, ఉక్కు మంచిది. అందులోంచి ఐదంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు ముక్క కత్తిరించండి. వేళ్ల సందులకు, మడతలకు గోరంత వంపులున్న చిన్న ముక్కలు ఇంకో రెండు మూడు చేసుకోండి. ముక్కను వైసులో బిగించి నిలబెట్టి, పై అంచును సన్నపళ్ల ఆకురాయితో నిటారుగా, కచ్చితంగా మూలమట్టానికి రాసి, తరువాత నూనెరాయి మీద అంచును, రెండు ముఖాలను అద్దంలా రుద్దండి. అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. మోటారు సైకిలు ఇంజను నుంచి తీసేసిన పాత వాల్వు కాడ ఒకటి తెచ్చుకోండి; రంపపు రేకు కంటే గట్టిగా, నున్నగా ఉండే ఏ గుండ్రటి ఉక్కు కడ్డీ అయినా సరే. దానికి ఒక చుక్క నూనె రాసి, మొదట రేకు ముఖం మీద పడుకోబెట్టి అంచు వెంట నాలుగైదుసార్లు గట్టిగా లాగండి. తరువాత రేకు అంచు మీద కడ్డీని అడ్డంగా పెట్టి, ఐదు నుంచి పది డిగ్రీలు మాత్రమే వంచి, ఒకే ఒత్తిడితో రెండు మూడుసార్లు లాగండి. అంచున ఉన్న ఉక్కు కంటికి కనపడనంత సన్నని కొక్కెంలా పక్కకు మళ్లుతుంది. బొటనవేలిని ముఖం మీంచి బయటికి జరిపితే గోటికి పట్టుకున్నట్టు తెలుస్తుంది. అదే మీ కత్తి.

వాడేటప్పుడు రేకును రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్లతో వెనుక నుంచి నొక్కి విల్లులా స్వల్పంగా వంచి, ముందుకు వాల్చి తొయ్యండి. సరిగ్గా తయారైతే ఉల్లిపొర లాంటి చుట్టలు లేస్తాయి. పొడి మాత్రమే రాలుతోందంటే కొక్కెం అరిగిపోయిందని గుర్తు. అప్పుడు మళ్లీ ఆకురాయి పట్టనక్కర లేదు, వాల్వు కాడతోనే ఇంకో రెండుసార్లు మళ్లించవచ్చు. రేకు వేళ్లు కాలేంత వేడెక్కుతుంది. వేళ్లకు అడ్డుగా పాత కొబ్బరి పీచు ముక్క ఏదైనా కట్టుకోవచ్చు. కనురెప్ప మీద ఉప్పుకాగితం మాట ఇక మరచిపోతారని నా నమ్మకం.

ప్రశ్న: తిరుపతిలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మా తాతగారు మేస్త్రీగా పనిచేశారట. ఆయన పెట్టెలో ఒక ఇత్తడి గుండు, దానికి నూలు తాడు, ఆ తాడు మధ్యలో నుంచి దూరే చతురస్రపు కొయ్యముక్క దొరికాయి. గుండు దేనికో ఊహించగలను. ఆ కొయ్యముక్క ఎందుకు?

జవాబు: అమ్మా, మీరు బడిలో పిల్లలకు లంబసూత్రం అని చెప్పి ఉంటారు. మేస్త్రీల నోట అది తూకం గుండు. కొయ్యముక్క లేకపోతే ఆ గుండు సగం పనే చేస్తుంది. గోడను ఆనుకుని తాడు వదిలితే గుండు లావు గోడకు తగిలి తాడు పక్కకు వాలిపోతుంది. తాడును గోడకు దూరంగా పట్టుకుంటే ఎంత దూరమో తెలియదు. ఈ చిక్కు విప్పడానికే ఆ చతురస్రం. దాని వెడల్పు, గుండు వ్యాసం సరిగ్గా ఒకటే ఉండాలి. ముక్క అంచును గోడ పైభాగాన ఆనించి గుండును జారవిడిస్తే, గోడ నిలువుగా ఉన్నప్పుడు గుండు ఒంటి మీద ఎక్కడా ఆనకుండా, ఎక్కడా ఎడం లేకుండా గోడను తాకీ తాకనట్టు వేలాడుతుంది. కింద ఎడం కనిపిస్తే గోడ తల బయటికి వాలినట్టు; గుండు గోడకు ఒరిగితే తల లోపలికి పోయినట్టు.

మీ తాతగారిది ఇంకా సరిగా ఉందో లేదో మీరే తేల్చుకోవచ్చు. ముక్క వెడల్పును, గుండు లావును ఒకే కాగితపు పట్టీతో కొలిచి చూడండి. గోడలకు రాసి రాసి కొయ్య అరుగుతుంది కాబట్టి తేడా కనిపిస్తే కొత్త ముక్క కోయించాలి. గుండు ఎన్ని తరాలైనా అరగదు. గాలికి గుండు ఊగుతుంటే మేస్త్రీలు ఒక బక్కెట్లో నీళ్లు పెట్టి గుండును అందులో ముంచుతారు. క్షణంలో ఊగుడు ఆగుతుంది. ఇంట్లో కొత్త బీరువానో, తలుపు చట్రమో పెట్టించినప్పుడు ఆ పెట్టె తెరవండి. అద్దాల పెట్టెలో అలంకారానికి పెట్టడం నాకైతే ఇష్టం లేదు.

ప్రశ్న: చిత్తూరులో ద్విచక్ర వాహనాల మరమ్మతు అంగడి నడుపుతున్నాను. పాత జపాన్ నమూనా బండ్లలో స్టార్ స్క్రూలు విప్పబోతే తల పీకిపోతోంది. మంచి కంపెనీ స్క్రూ డ్రైవరే వాడుతున్నాను. లోపం ఎక్కడ?

జవాబు: డ్రైవర్ మంచిదే, స్క్రూ కూడా మంచిదే, రెండూ ఒక జత కావు. మనం స్టార్ అని ఒకే పేరుతో పిలిచేవాటిలో కనీసం రెండు జాతులున్నాయి. ఒకటి అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరు మీద 1930ల్లో వచ్చి, 1936 నుంచి కార్ల తయారీలో పాతుకుపోయినది. రెండోది జపాన్ ప్రమాణం ప్రకారం చేసింది, జె.ఐ.ఎస్. అంటారు. పైనుంచి చూస్తే రెండూ ఒకే కూడిక గుర్తు. కానీ గాడి లోపలి ఆకారం వేరు కావడం వల్ల, ఫిలిప్స్ డ్రైవర్ మొన జపాన్ స్క్రూలో పూర్తిగా దిగకముందే ఆగిపోతుంది. పట్టు అంచుల మీద మాత్రమే ఉంటుంది, కాస్త గట్టిగా తిప్పగానే పైకి లేచి తలను గీరేస్తుంది. జపాన్ స్క్రూల తలపై చాలావాటికి ఒక చిన్న చుక్క గుంట ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు. జె.ఐ.ఎస్. డ్రైవర్లు రెండు సైజులు కొనుక్కోండి. అవి ఫిలిప్స్ స్క్రూలకు కూడా పనికొస్తాయి.

అప్పటికే బిగుసుకుపోయిన స్క్రూలకు చేతి ఇంపాక్ట్ డ్రైవర్ అనే బలిష్ఠమైన పనిముట్టు ఉంది. నా దృష్టిలో మెకానిక్కు పెట్టెలో ఇంతకంటే తెలివైన వస్తువు లేదు. లావుపాటి గొట్టంలాంటి ఒంటి లోపల వాలుగా కోసిన గాడి ఉంటుంది. వెనుక సుత్తితో కొడితే, ఆ దెబ్బ మొనను స్క్రూ తలలోకి అదుముతూనే వాలు గాడి వెంట జారి కొద్దిగా తిప్పుతుంది. మొన జారిపోవాలంటే పైకి లేవాలి. లేవకుండా ఆపేదీ, తిప్పేదీ ఒకే దెబ్బ. కొట్టే ముందు విప్పే దిక్కుకు మలిచి పెట్టుకోవడం మరిచిపోవద్దు, లేకపోతే మరింత బిగిస్తారు. కార్బురేటర్ వంటి పలుచని అల్యూమినియం పోతల మీద మాత్రం దీన్ని వాడకండి, పగులుతుంది. అక్కడ సరైన డ్రైవర్, కాస్త వేడి, కాస్త ఓపికే దిక్కు. తల సగం పీకిపోయిన స్క్రూకు, వాల్వులు రుద్దడానికి వాడే గరుకు పేస్టును డ్రైవర్ మొనకు ఒక చుక్క అద్దితే పట్టు పెరుగుతుంది.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తాను. సుత్తులు, రంపాల గురించి రాసే మీ శీర్షికలో మా వెదురు కలానికి చోటుందో లేదో తెలియదు, ఉందనుకుని అడుగుతున్నాను. నేను కొత్తగా కట్టుకున్న కలం గుడ్డను తాకగానే మొదటి చోట పెద్ద బొట్టు పడేస్తోంది, ఆ తరువాత బాగానే నడుస్తోంది. మా అమ్మ కట్టిన పాత కలంతో అలా జరగదు.

జవాబు: చోటెందుకు లేదు? ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. ఇప్పటిదాకా వచ్చిన పనిముట్లన్నీ ఏదో ఒకటి కోసేవి, కొట్టేవి, కొలిచేవి. మీ కలం ద్రవాన్ని దాచుకుని, అడిగినప్పుడు అడిగినంత ఇస్తుంది. ఇందులో కదిలే భాగమంటూ ఏదీ లేదు. చెక్కిన వెదురు పుల్ల, దాని నడుముకు చుట్టిన ఉన్ని లేదా గుడ్డ ఉండ, ఉండ మీద బిగించిన దారం, అంతే. ఉండ సిరాబుడ్డి, దాన్ని వేళ్లతో నొక్కడమే మర, పుల్ల మొన నాళం.

మీ అమ్మగారి కలానికి, మీ కలానికి తేడా మూడు చోట్ల వెతకండి. మొదటిది ఉండకూ మొనకూ మధ్య దూరం. ఉండ మొనకు మరీ దగ్గరగా ఉంటే, వేళ్లు నొక్కకముందే రంగు దాని బరువుకే దిగివస్తుంది. రెండోది దారం చుట్టిన బిగువు. వదులుగా ఉన్న ఉన్ని ఎక్కువ తాగుతుంది, కానీ తాగినదాన్ని పట్టి ఉంచలేదు. మొన వైపు చుట్లు దగ్గరగా, పై వైపు కాస్త వదులుగా ఉండాలి. మూడోది ముంచిన తరువాతి అలవాటు. పెద్దవారు ముంచిన కలాన్ని గిన్నె అంచుకు ఒకసారి ఆనించి గాని గుడ్డ మీదికి తేరు. మీ అమ్మగారి చేతిని ఒకరోజు పనిగట్టుకుని చూడండి. ఆమె ఆ పని చేస్తున్నట్టు ఆమెకే తెలిసి ఉండకపోవచ్చు.

ఈ మూడూ సరిగా ఉండి కూడా బొట్టు పాకుతుంటే తప్పు కలానిది కాదు, గుడ్డది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను నానబెట్టేది ఊరికే కాదని మీకు నేను చెప్పనక్కర లేదు. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి చేసిన మీ నల్ల ద్రవంలోని ఇనుముతో కలిసి నలుపు పట్టిస్తుంది. పాలు తక్కువైన గుడ్డ మీద ఎంత మంచి కలమైనా కారినట్టే కనిపిస్తుంది. ఒక చిన్న ముక్క మీద గీత గీసి, పది లెక్కపెట్టేలోగా దాని అంచు ఎంత పాకిందో చూస్తే సంగతి తేలిపోతుంది. ఒక మనవి: మీ ఇంట్లో సన్న గీతలకు వాడే కలం, రంగు నింపడానికి వాడే మొద్దు కలం రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.

ప్రశ్న: పలమనేరు దగ్గర వ్యవసాయం చేసుకుంటూ తీరిక వేళల్లో వడ్రంగం చేస్తుంటాను. పాత లారీ కమాను పట్టా ఒకటి, అరిగిపోయిన ఆకురాళ్లు నాలుగు ఉన్నాయి. వీటితో ఉలులు చేయవచ్చా? మా ఊరి కమ్మరి చేయవచ్చంటాడు, బంధువు ఒకాయన ఆకురాయి ఉలి ప్రమాదం అంటాడు.

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. రెండు ఇనుములూ మంచి ఉక్కే, స్వభావం వేరు. ఆకురాయిలో బొగ్గు పాలు, అంటే కార్బన్, 1 శాతానికి పైగా ఉంటుంది. ఇతర ఇనుమును కోయడానికి పుట్టింది కాబట్టి దాన్ని విపరీతమైన గట్టితనంతో వదిలేస్తారు. కమాను పట్టాలో ఆ పాలు దాదాపు సగం ఉంటుంది; అది వంగి మళ్లీ లేవడానికి పుట్టింది. ఆకురాయి మొనను ఊరికే అరగదీసి ఉలిగా వాడి సుత్తితో కొడితే అది గాజులా పగులుతుంది. నేను ఫిట్టరు పనిలో చేరిన తొలి ఏడాది సరిగ్గా ఆ తెలివే చేశాను. బియ్యపు గింజంత ముక్క ఎగిరి ముంజేతిలో దిగింది. కంటికి రెండు జానల కింద. ఆ మచ్చ ఇంకా ఉంది, చొక్కా మడిచినప్పుడల్లా కనిపిస్తుంది.

కాబట్టి దెబ్బ తినే ఉలులను కమాను పట్టాతోనే చేయించండి. కమ్మరి ఎర్రగా కాల్చి, సాగగొట్టి ఆకారం తెచ్చాక, నీరు పోయడం, అంటే కాలిన ఉక్కును ఒక్కసారిగా ముంచి గట్టిపరచడం దగ్గర మీరు పక్కనే ఉండండి. ఎంత వేడికి తీయాలో రంగును బట్టి చెప్పడం అనుభవమున్న కళ్లకే సాధ్యం. మనలాంటివారికి అయస్కాంతం సాయం చేస్తుంది. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. తాడుకు కట్టిన అయస్కాంతం ముక్కతో తాకి చూసి, అంటనప్పటి నుంచి ఇంకాస్త కాల్చి, మొనను నిలువుగా నూనెలో ముంచాలి. కమాను ఉక్కును నీళ్లలో ముంచితే చిట్లే ప్రమాదం ఉంది, నూనె క్షేమం. నూనె భగ్గుమనవచ్చు కాబట్టి ఆరుబయట, మూత దగ్గర పెట్టుకుని చేయండి.

ఇక్కడితో ఆపేస్తే మీ ఉలి కూడా ఆకురాయి లాంటిదే అవుతుంది. మునిగి చల్లారిన మొనను ఇటుకముక్కతో రుద్ది తెల్లగా మెరిసేలా చేసి, మొనకు దూరంగా, వెనుక వైపు నుంచి నెమ్మదిగా వేడి చేయండి. మెరుపు మీద రంగులు పాకుతూ వస్తాయి. మొదట ఎండుగడ్డి పసుపు, తరువాత గోధుమ, ఊదా, చివరికి నీలం. ఆ రంగులు ఒకదాని వెనుక ఒకటి అంచు వైపు నడిచి రావడం చూడడానికి ఎంత బాగుంటుందంటే, చూస్తూ ఉండిపోయి సమయం దాటించేవారు చాలామంది. చెక్క ఉలి అయితే గడ్డి పసుపు అంచును తాకిన క్షణానే నీళ్లలో ముంచాలి. అది సుమారు 230 డిగ్రీలు. ఇనుమును కోసే శానమైతే ఊదా వచ్చేదాకా ఆగాలి, 280 దరిదాపుల్లో. నీలం అంచు దాకా వస్తే మళ్లీ మొదటి నుంచి కాల్చుకోవడమే. రాతిపని ఉలులను కమ్మరి ఎన్నిసార్లు కొలిమిలో పెట్టి సాగదీస్తాడో తిరుపతి చుట్టుపక్కల శిల్పుల దగ్గర చూసినవారికి ఈ తంతు కొత్త కాదు. ఉక్కు కంటే ఎంతో గట్టివైన టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలు వచ్చాక ఆ రోజువారీ కొలిమి తగ్గిపోతోంది.

ఆకురాళ్లను మాత్రం పారేయవద్దు. సుత్తి దెబ్బ తగలని పనులకు అవి బంగారం. ఎలాగో ఈ శీర్షిక చివరి ఉత్తరంలో చూడండి.

ప్రశ్న: ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు నా పనిముట్లు తుప్పు పడుతున్నాయి. పెట్టెలో కర్పూరం వేయమంటున్నారు. పనిచేస్తుందా? పట్టిన తుప్పు ఎలా పోగొట్టాలి? (తిరుచానూరు)

జవాబు: కర్పూరం ఆవిరై ఇనుముపై పలుచగా పేరుకుంటుంది, అదే దాని ఉపయోగం. మూత బిగువుగా పడే పెట్టెలో అయితే కొంత మేలు. సందులున్న పెట్టె అయితే దాన్ని దేవుడికి వెలిగించడం నయం. ముందు పెట్టెలోంచి రంపపు పొట్టు ఊడ్చేయండి, అది చెమ్మను పీలుస్తుంది. తోలు తొడుగుల్లో ఉలులు దాచకండి. వాడాక చెమట వేళ్ల ముద్రలు తుడిచి, కుట్టుమిషను నూనె గుడ్డతో పలుచగా పట్టించండి. నువ్వుల నూనె నాళ్లు గడిచేకొద్దీ జిగురు కడుతుంది, వద్దు. పట్టిన తుప్పుకు చింతపండు పులుసు చాలు. చిక్కగా పిసికి, కొన్ని గంటలు నాననిచ్చి, పీచుతో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలి. రాత్రంతా వదిలేస్తే పులుపు మంచి ఇనుమును కూడా తింటుంది.

ప్రశ్న: తిరుపతిలో ఐ.టి.ఐ. ఫిట్టర్ మొదటి ఏడాది చదువుతున్నాను. వారాల తరబడి ఇనుప దిమ్మను ఆకురాయితో చదును చేయిస్తున్నారు. కంప్యూటరు యంత్రాలు ఆ పనిని నిమిషంలో చేస్తాయి కదా, మాకెందుకు ఈ శిక్ష? ఇంతకీ మీకు ఇష్టమైన పనిముట్టు ఏదో మీరు ఎప్పుడూ చెప్పలేదు.

జవాబు: అమ్మా, రెండు ప్రశ్నలకూ నా సమాధానం ఒకటే కాబట్టి కలిపి చెబుతాను. ఆ యంత్రం నిమిషంలో చదును చేస్తుంది, నిజమే. అది తన పట్టాల మీద నిటారుగా జారుతుంది కాబట్టి చేయగలుగుతోంది. ఆ పట్టాలను చదును చేసింది ఎవరు? ఇంకో యంత్రం అంటావు. అలా వెనక్కి వెనక్కి పోతే ఎక్కడో ఒకచోట చెయ్యి తగులుతుంది. 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్ర సంఘం సభలో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు ఆ చెయ్యి ఏం చేయాలో వివరించాడు. రెండు పలకలను ఒకదానితో ఒకటి సరిపోయేలా చేస్తే అవి చదును అని నమ్మలేం. ఒకటి బోర్లించిన చిప్పలా, మరొకటి గిన్నెలా ఉండి కూడా సరిపోతాయి. మూడు పలకలు తీసుకుని, ప్రతిదాన్నీ మిగిలిన రెండింటితో సరిపోయేదాకా గీకుతూ పోతే, మూడూ చదును కావడం తప్ప వేరే దారి ఉండదు. ఏ కొలత బద్దా లేకుండా చదునును పుట్టించే మార్గం ఇది. అత్యంత సున్నితమైన యంత్రాల పట్టాలను ఇప్పటికీ చేత్తో గీకి ముగించే తయారీదారులున్నారు.

ఆ గీకే పనిముట్టే నాకు ఇష్టమైనది. నా దగ్గర ఉన్నది పదంగుళాల పాత చదును ఆకురాయి. మొన దగ్గర రెండంగుళాల మేర పళ్లు అరగదీసి, చివర అంచును కొద్దిగా విల్లు వంపు వచ్చేలా రాయి మీద తీర్చి, వెనుక పెద్ద కొయ్య పిడి తొడిగాను. పైన పలమనేరు పాఠకుడికి ఏది ప్రమాదమని చెప్పానో ఆ గట్టితనమే ఇక్కడ వరం. దీన్ని ఎవరూ సుత్తితో కొట్టరు కాబట్టి తగ్గించనక్కర లేదు. మాధవమాల పాఠకుడి రంపపు రేకుకు ఇది వరసకు అన్న. అతనిది చెక్కను గీకుతుంది, నాది పోత ఇనుమును.

పని ఇలా నడుస్తుంది. సరైన చదును పలక మీద ప్రష్యన్ బ్లూ నీలిరంగును వేలితో ఊపిరంత పలుచగా పూసి, మన దిమ్మను దాని మీద బోర్లించి రెండుసార్లు జరిపి తీయాలి. ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే నీలం అంటుతుంది. నువ్వు ఎంతో చదును అనుకున్న దిమ్మ మీద మొదటిసారి మూడో నాలుగో మచ్చలు కనిపిస్తాయి, మిగతాదంతా పల్లమే. పిడిని తుంటికి ఆనించి, ఆ మచ్చల మీద మాత్రమే చిన్న తోపులు తోయాలి. ఒక్కో తోపుకు లేచే ఇనుము మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. తుడిచి మళ్లీ నీలం, మళ్లీ తోపులు, ఈసారి అడ్డ దిక్కున. నాలుగు మచ్చలు పన్నెండవుతాయి, పన్నెండు నలభై అవుతాయి. చదరపు అంగుళంలో ఇరవై పైచిలుకు చుక్కలు సమంగా పడ్డాయంటే మంచి పలక.

వారాల తరబడి ఆకురాయి పట్టిన చేతికే ఈ పని వస్తుంది. ఊగకుండా తోయడం, కింద తగులుతున్నది ఎత్తో పల్లమో అరచేతితో పసిగట్టడం అక్కడే అలవడతాయి. మీ వర్క్‌షాపు మూలలో పళ్లు అరిగి పడేసిన ఆకురాయి తప్పక ఉంటుంది, మీ బోధకుడిని అడుగు. మొన అరగదీసేటప్పుడు ప్రతి రెండు క్షణాలకు నీళ్లలో ముంచు, నీలం తిరగనివ్వకు. కళ్లద్దాలు పెట్టుకో. నువ్వు ఇప్పుడు రుద్దుతున్న దిమ్మకే నీలం పూసి, మొదటిసారి ఎన్ని మచ్చలు పడ్డాయో, పది విడతల తరువాత ఎన్నయ్యాయో లెక్కపెట్టి మాకు రాసి పంపు.